మాట రాని కత్తి

సాయంత్రం అన్నానికి ముందు కత్తుల చేత మాట్లాడించడం మా కోనేటయ్య అయ్యవారికి అలవాటు. ఆయన మార్కాపురం దగ్గర ఒక హైస్కూల్లో భూగోళం చెప్పి రిటైరయ్యారు. ఆ తరవాత ఏటా వానలు వెనకబట్టగానే మాలాంటి వాళ్ళని కొందరిని వెంటబెట్టుకుని నల్లమల అంచున నడిపించేవారు. గుడారాలు వేసుకోవడం, పుల్లలు చీల్చుకోవడం, వండుకోవడం అన్నీ మా పనే. పొద్దు వాలాక ఎవరి కత్తిని వాళ్ళు కడిగి, తుడిచి, ఓ నూనెచుక్క రాసి, ఒరలో పెట్టేముందు అది ఆ రోజు చేసిన పని ఏదో ఒకటి పైకి చెప్పాలి. చెప్పి, దానికి దణ్ణం పెట్టాలి. "నా కత్తి ఇవాళ గుమ్మడికాయ తరిగింది" అని ఒకరంటే, "నాది గుడారానికి మేకులు చెక్కింది" అని ఇంకొకరు అంటారు. కొత్తగా వచ్చినవాళ్ళు దీనికి నవ్వుతారు. నేనూ నవ్వాను. ఒకటి రెండు సాయంత్రాలు గడిచేసరికి నవ్వు తగ్గింది. పగలంతా మన చేతిలో ఉండి మనకోసం అరిగిన వస్తువు వైపు ఒక్కసారైనా తేరిపార చూడాలని నాకు నేర్పింది ఆయనే. ఆ రుణం తలుచుకున్నప్పుడల్లా నాకు మనసు నిండిపోతుంది.

అయ్యవారిది ఇంకో నియమం కూడా ఉంది. మూడోసారి నడకకు వచ్చినవాళ్ళు తిరిగి వెళ్ళేముందు శిబిరం పెట్టెలో తమ పనిముట్టు ఒకటి వదిలిపెట్టాలి, ఆ తరవాత వచ్చేవాళ్ళు వాడుకోవడానికి. నేను వదిలింది పొడుగుకాడ గరిటె. అది ఇప్పటికీ ఉంది. ఆ శిబిరంలో నాకంటే దానికే పేరెక్కువ.

మురహరి మూడోసారి వచ్చినప్పటి సంగతి ఇది. అతను ఒంగోల్లో బ్యాంకు ఉద్యోగి. మంచి మనిషి, మాటల పోగు, ఒక్క కత్తుల పిచ్చి తప్ప ఇంకే దురలవాటూ లేదు. అవి మడిచి జేబులో వేసుకునే రకం కాదు. పిడిలో కదలకుండా కూర్చుని, తోలు ఒరతో నడుముకి వేలాడే అడవి కత్తులు. ఇంట్లో వాటికో అద్దాల బీరువా. భార్య చీరలకి అందులో చోటు లేదని ఆవిడే మాతో చెప్పింది. ఆ ఏడు అతను రెండు కత్తులు తెచ్చాడు. పొడవూ ఒకటే, వంపూ ఒకటే, పిడి చెక్కా ఒకటే. ఒకదాని ఉక్కు తుప్పు పట్టదు. రెండోదానికి తుప్పు భయం ఉంది గానీ పదును తొందరగా ఎక్కుతుంది. మొదటిది రెండోదాని కంటే ఒక్క పిసరు మందం. ఒకటి వాడుకోవడానికీ ఒకటి దాచుకోవడానికీ అని కొన్నాడట. ఏది దేనికో తేల్చుకోలేక రెండిటినీ దాచాడు.

ఇప్పుడేమో వాటిలో ఒకటి పెట్టెలో వదలాలి. అతని బాధంతా అదే. "ఏది కాస్త తక్కువదో తేలితే చాలు, దాన్ని పెట్టెలో వేసి నిశ్చింతగా ఇంటికి పోతాను" అని నాతో అన్నాడు. తక్కువది వదిలి ఎక్కువది ఉంచుకోవాలనుకోవడం లోకసహజమే కాబట్టి నేనూ తల ఊపాను. ఆ తేల్చుకోవడం కోసం అతను పడ్డ పాట్లు చూడాలి. రెండు అరచేతుల్లో రెండిటినీ పెట్టుకుని కళ్ళు మూసుకుని బరువు చూసేవాడు. వేలి మీద నిలబెట్టి తూకం చూసేవాడు. పాత పేపరు గాల్లో పట్టుకుని సన్నటి పేలికలు కోసేవాడు. పదును పరీక్షకి మోచేతి కింద వెంట్రుకలు గీసి గీసి, ఎడమచెయ్యి పసిపిల్లవాడి చెయ్యిలా నున్నగా తయారైంది. ఇంక మిగిలింది కుడిచెయ్యే, ఆపైన మా చేతుల మీద పడతావా అని మేము ఆటపట్టించేవాళ్ళం. అయినా అవి రెండూ ఒకదానికొకటి తగ్గలేదు. ఎవరైనా కత్తి అలుగు మీద వేలు పెడితే మాత్రం వేలిముద్ర పడుతుందని అతని ప్రాణం విలవిల్లాడిపోయేది.

సాయంత్రం అతని వంతు వచ్చింది. "నావి ఇవాళ కాగితం కోశాయండీ" అన్నాడు.

"అది పరీక్ష నాయనా. పని చెప్పు" అన్నారు అయ్యవారు.

మురహరి రెండు కత్తులూ తీసుకెళ్ళి ఆయన ముందు తుండుగుడ్డ మీద పెట్టి, "అయ్యవారూ, మీరు ఎన్ని కత్తులు చూసుంటారు! ఈ రెండిట్లో ఏది మంచిదో మీరే చెప్పండి. మీ మాటకి ఎదురు చెప్పను" అన్నాడు. అయ్యవారు కళ్ళజోడు తుడుచుకుని రెండిటినీ తిప్పి తిప్పి చూశారు. చేతిలో పట్టుకుని మురిసిపోయారు కూడా. ఆయనకి మంచి వస్తువంటే ఇష్టం, ఆ ఇష్టాన్ని ఎప్పుడూ దాచుకోలేదు. "చేసినవాడెవడో గానీ చల్లగా ఉండాలి. ఇంత ముద్దుగా ఉన్నాయి. కానీ నేను వీటి మాట ఇంకా వినలేదే, ఎట్లా చెప్పను? రేపు కోనలోకి పోతున్నాం కదా, చూద్దాం" అని తిరిగి ఇచ్చేశారు.

మర్నాడు పొద్దున అందరం టీలు తాగుతుంటే మురహరి ఒకసారి చివరగా చూస్తానని మళ్ళీ రెండిటినీ బయటికి తీశాడు. ఎండలో పెట్టి చూశాడు, నీడలో పెట్టి చూశాడు. ఇంతలో అయ్యవారు కర్ర తీసుకుని బయల్దేరారు. ఆయన బయల్దేరితే ఆగరు. మురహరి హడావిడిగా కత్తుల్ని ఒరల్లో దూర్చి, కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి నడుముకి కట్టుకుని పరుగెత్తాడు. ఆ తొందరలో అతను గమనించకుండానే దీని ఒరలోకి అదీ, దాని ఒరలోకి ఇదీ వెళ్ళాయి. అవి చేత్తో కుట్టిన తోలు ఒరలు, దేని కొలతకి దాన్ని బిగించి కుట్టినవి. మందపు కత్తి పలచదాని ఒరలో కొట్టినట్టు బిగుసుకుంది. పలచది మందపుదాని ఒరలో వదులుగా ఊగుతోంది. లోకంలో ఇంకెవరూ చెయ్యని పొరపాటు ఇది. అంత పోలికగా ఉన్న రెండు కత్తులు ఒకే మనిషి దగ్గర ఉంటేనే జరుగుతుంది.

కోన మధ్యలో వాగుంది. పైన కొండల్లో వాన పడినట్టుంది, నీళ్ళు ఎర్రగా, జోరుగా వస్తున్నాయి. మేం అక్కడికి చేరేసరికి ఒడ్డున ఒక ఆవు అటూ ఇటూ పరుగెడుతూ అరుస్తోంది. నీళ్ళలో దాని దూడ. మెడకున్న నైలాను పలుపు ఒక చెట్టువేరుకి మెలికపడిపోయింది. దూడ గుంజుకున్నకొద్దీ తాడు బిగుస్తోంది, నీళ్ళు దాని గొంతుదాకా వచ్చాయి. బసవమ్మ అనే పశువుల కాపరి నడుంలోతు నీళ్ళలో నిలబడి ముడి విప్పలేక, పళ్ళతో కొరుకుతోంది. మమ్మల్ని చూడగానే, "అయ్యా, కత్తుంటే ఇయ్యండయ్యా! బిడ్డ సచ్చిపోతా ఉంది!" అని కేక పెట్టింది.

మా అందరి కత్తులూ వంటసామానుతో శిబిరంలో ఉన్నాయి. మేమందరం మురహరి వైపు చూశాం. అతను అప్పటికే కుడిచేత్తో పిడి పట్టుకుని లాగుతున్నాడు. కత్తి రాలేదు. రెండు చేతులా లాగాడు, రాలేదు. ఎడమవైపు తడుముకున్నాడు. ఒర ఉంది, కత్తి లేదు. అప్పుడు అతని మొహం చూసి నాకు జాలేసింది. జిల్లా మొత్తంలో అన్ని మంచి కత్తులున్న మనిషి ఆ క్షణాన ఒట్టి చేతులతో నిలబడ్డాడు. కానీ నిలబడింది ఆ ఒక్క క్షణమే. చొక్కా అయినా విప్పకుండా నీళ్ళలోకి దూకి, దూడ మూతిని రెండు చేతులా ఎత్తి తన భుజం మీద పెట్టుకున్నాడు. అది తన్నుతోంది, ఇతను వదల్లేదు.

మా నడకలో అందరికంటే వెనక నడిచేవాళ్ళకి ఒక బాధ్యత ఉంది. ముందువాళ్ళు జారవిడిచిన రుమాళ్ళూ సీసాలూ ఏరుకుంటూ రావాలి. ఆ రోజు ఆ వంతు హైమావతిది. ఆవిడకి కంభంలో బట్టలు కుట్టే కొట్టు ఉంది. దారిలో మురహరి కత్తి పడి ఉంటే తీసి, భోజనాల దగ్గర ఏడిపించవచ్చని తువ్వాల్లో చుట్టి సంచిలో పెట్టుకుంది. వాగు దగ్గరికి వచ్చి సంగతి చూడగానే కత్తి తీసి నీళ్ళలోకి దిగింది. వేరు దగ్గర వంగి తడిమి చూసి ఆగిపోయింది. తాడు వేరుకీ, దాని కిందున్న బండరాయికీ మధ్య ఇరుక్కుంది.

"అన్నా, కింద రాయుంది. కోస్తే నీ కత్తి పాడైపోద్ది" అంది.

"పోతే పోనీ! కొయ్యమ్మా, కొయ్యి!" అని అరిచాడు మురహరి.

ఆవిడ కోసింది. ఉక్కు రాతికి గీసుకున్న చప్పుడు ఒడ్డున ఉన్న మాకందరికీ వినిపించింది. తాడు తెగింది. దూడ, మురహరి, బసవమ్మ ముగ్గురూ కలిసి ఒడ్డుమీద పడ్డారు. దూడ దగ్గి, వణికి, లేచి నిలబడి తల్లి దగ్గరికి పోయింది. నా కళ్ళవెంట నీళ్ళు కారాయని చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. బసవమ్మ హైమావతి చేతిలోంచి కత్తి అందుకుని, తడికొంగు పిండి దానితోనే అలుగుని అటూ ఇటూ తుడిచి, కళ్ళకద్దుకుంది. "ఎవరిదయ్యా ఇది?" అని అడిగి మురహరి చేతిలో పెట్టింది. "మీ ఇల్లు చల్లగుండ. ఈ దూడ పెద్దదయ్యి ఈనితే మొదటి జున్ను నీకే సామీ" అంది. అలుగు నిండా ఆవిడ వేలిముద్రలు. పదును మధ్యలో గోరంత గంటు. మురహరి చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాడు, తుడవలేదు.

శిబిరానికి వచ్చాక నేను ఒర పట్టుకుంటే అతను పిడి పట్టుకుని, ఇద్దరం తిప్పలుపడి ఆ రెండో కత్తిని బయటికి లాగాం. దానికి ఒక్క గీత కూడా పడలేదు. కొన్నప్పుడెలా ఉందో అలాగే తళతళలాడుతోంది. ఏది వదలాలో ఇంక తేలిపోయినట్టేనని నేననుకున్నాను. గంటుపడ్డది పెట్టెలోకి, నిక్షేపంగా ఉన్నది బీరువాలోకి. హైమావతికీ అదే అనిపించినట్టుంది. "తప్పు నాది అన్నా, సానపట్టిస్తే పోద్దిలే, పెట్టెలో పెట్టే ముందు నేనే పట్టించి తెస్తా" అంది. మురహరి ఆ గంటు మీద వేలు పెట్టి తడిమి చూసుకున్నాడు.

సాయంత్రం అందరం గుండ్రంగా కూర్చున్నాం. కత్తులు ఒక్కొక్కటే మాట్లాడాయి. ఉల్లిపాయలు, పుల్లలు, తాళ్ళు. మురహరి వంతు వచ్చింది. గంటుపడ్డ కత్తిని కడిగాడు, తుడిచాడు, నూనె రాశాడు. "నా కత్తి ఇవాళ" అని మొదలుపెట్టి ఆగాడు. "ఇవాళ ఒక తల్లికి దాని బిడ్డనిచ్చిందండీ" అన్నాడు. దణ్ణం పెట్టాడు. అంతకు ముందు మొక్కుబడిగా పెట్టేవాడు. ఈసారి నుదురు పిడికి ఆనించి అలాగే ఉండిపోయాడు. తరవాత హైమావతి వైపు తిరిగి, "నువ్వు వెనక నడిచావు కాబట్టి సరిపోయిందమ్మా" అని ఆవిడకీ దణ్ణం పెట్టాడు. ఆవిడ కంగారుపడిపోయి, "నాకెందుకన్నా, ఊరుకో" అంది.

"రెండోదో?" అని అడిగారు అయ్యవారు.

"అది ఏమీ చెయ్యలేదండీ."

అంటూనే అతను లేచి పెట్టె దగ్గరికి వెళ్ళాడు. ఆ తళతళలాడే కత్తిని దాని ఒరలో, ఈసారి చూసి మరీ, పెట్టాడు. పెట్టెలో నా గరిటె పక్కన పడుకోబెట్టాడు. చెయ్యి వెంటనే వెనక్కి తీసుకోలేదు. పెంచుకున్న మమకారం ఎక్కడికి పోతుంది? కాసేపు పిడిని నిమిరి, అప్పుడు వదిలాడు. గంటుపడ్డదాన్ని నడుముకి కట్టుకుని వచ్చి తన చోట కూర్చున్నాడు. ఏది మంచిదని అయ్యవారిని అతను మళ్ళీ అడగలేదు. అడుగుతాడేమోనని మేము ఎదురుచూశాం గానీ, అతని చూపు వాగు వైపు ఉంది.

అయ్యవారు లేచి వచ్చి పెట్టెలోకి తొంగిచూశారు. మూత వేస్తూ, ఎవరితోనూ కాకుండా తనలో తాను అనుకున్నట్టు అన్నారు.

"పాపం, దీనికింకా మాట రాలేదు. పదిమంది చేతుల్లో పడితే అదే వస్తుందిలే."