బోడి వీపు తేనెటీగ

ఆ వారమంతా, పురుగుల మీద పరిశోధన చేసే కుళ్ళాయప్పకు కాళ్ళు నేల మీద ఆనలేదు. పెన్న ఒడ్డున బంకమట్టి గట్టు దగ్గర అతని వలకు ఒక తేనెటీగ చిక్కింది. పట్టు పెట్టేది కాదు, తేనె దాచేది కాదు. ఆడది ఒక్కతే మట్టిలో బొరియ తవ్వుకుని, ఒక్కతే పుప్పొడి మోసుకొచ్చి పిల్లలకు దాచిపెట్టి, ఒక్కతే పోయే రకం. ఒంటరి తేనెటీగలంటారు వీటిని. ఈ తేనెటీగ దగ్గరి చుట్టాలన్నిటికీ వీపు మీద ఒత్తుగా నూగు ఉంటుంది. దీని వీపు మాత్రం నున్నగా మెరుస్తోంది. ఎన్ని పుస్తకాలు తిరగేసినా ఇలాంటిది కనబడలేదు.

కొత్త జాతిని మొదట వర్ణించినవాడి పేరు దాని పేరు పక్కనే నిలిచిపోతుంది. మనిషి పోయినా పోదు. కుళ్ళాయప్ప ఆశ అదే. బెంగళూరులో ఇంకెవరో ఇలాంటి గట్లే గాలిస్తున్నారని విన్నాడు. అతని భయం అదే. ఇక ఆగుతాడా? ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, వర్ణన పూర్తికాకముందే పేరు ఖాయం చేసుకున్నాడు. లాటిన్‌లో దాని అర్థం ‘బోడి వీపుది’ అని.

దస్తగిరి సారు సరేనంటే శాస్త్ర పత్రికకు పంపడమే తరువాయి. కుళ్ళాయప్పకు పురుగును చూడటం నేర్పింది ఆయనే. ఉద్యోగం నుంచి దిగిపోయి కడపలో ఇంటిపట్టున ఉంటున్నా, వరండాలో మైక్రోస్కోపు మీద గుడ్డ తీయని రోజు లేదు.

కుళ్ళాయప్ప తెచ్చిన కాగితాలన్నీ ఆయన చదివాడు. సూదికి గుచ్చిన ఈగను చాలాసేపు చూశాడు.

“బాగా రాసినావు. ఎప్పుడు పంపుతావు?”

“ఈ పొద్దే సార్. నూటికి నూరుపాళ్ళు కొత్తదే. ఆ వీపు చూడండి, ఒక్క వెంట్రుకన్నా ఉందా?”

“ఎన్ని పట్టినావు?”

“ఒకటే సార్. నేను పోయేసరికి పూలు అయిపోవచ్చినాయి. ఇంత తేటగా కనపడతావుంటే ఒకటి చాలదా?”

సారు నెత్తి మీది తెల్లటోపీ తీసి బల్ల మీద పెట్టాడు. తల వంచి శిష్యుడి ముందుకు చాపాడు.

కుళ్ళాయప్ప గాభరాపడ్డాడు. ఇన్నేళ్ళలో ఆయన్ని టోపీ లేకుండా చూసింది లేదు.

“సార్, ఇదేంది సార్?”

“నా తల ఎట్లుందో చెప్పు నాయనా. ఉన్నదున్నట్టు చెప్పాల.”

“నున్నగా ఉంది సార్.”

“వెంట్రుకలు?”

“చెవుల పక్కన... ఒక నాలుగు.”

“అయితే నేనూ కొత్త జాతే. నాకూ ఒక పేరు పెట్టు.” ఆయన టోపీ పెట్టుకుని, టీ చెప్పడానికి లోపలికి వెళ్ళాడు.

కుళ్ళాయప్పకు నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. మైక్రోస్కోపు మీదికి వంగాడు. ఈసారి వీపు జోలికి పోలేదు, రెక్కలు చూశాడు. వాటి అంచులు పీలికలై ఉన్నాయి. అది మొదట్లోనే చూశాడు. వల తగిలి చిరిగాయనుకుని, వర్ణనలో ఆ మాటే ఎత్తలేదు. ఏ వలా అంచులను అంత సన్నగా, అంత వరుసగా అరగదీయదు. ఎగిరి ఎగిరి అరిగిన రెక్కలవి. ఇరుకు బొరియలోకి దూరుతూ, బయటికి వస్తూ, గోడలకు రాసుకుని రాసుకుని నూగంతా రాలిపోయిన వీపది.

సిగ్గుతో చెవులు కాలిపోయాయి. కోపం కూడా వచ్చింది. అది తన మీదో, సారు మీదో, ఆ ఈగ మీదో తెలియలేదు.

సారు రెండు గ్లాసులతో వచ్చాడు.

“ఇది ముసలిది సార్. కొత్త జాతి కాదేమో.”

“కావచ్చు, కాకపోవచ్చు. నన్నడిగితే ఏం లాభం? వానలు పడినాక ఆ గట్టు కాడికి పో.”

“అంతలో బెంగళూరు వాళ్ళు రాసేస్తే?”

“రాస్తే చదువుకుందాం. టీ తాగు, చల్లారిపోతాంది.”

ఆ ఎండాకాలం కుళ్ళాయప్పకు గడవలేదు. పొద్దున లేస్తూనే కొత్త పత్రికలన్నీ వెతికేవాడు. తన ఈగ ఎవరి పేరుతోనూ కనబడకపోతే ఆ పూటకు అన్నం సహించేది.

తొలకరి పడింది. గట్టు మీద కొత్త బొరియలు తెరుచుకున్నాయి. వాటిలోంచి వచ్చిన పడుచు ఈగల వీపుల మీద ఎర్రటి నూగు ఒత్తుగా ఉంది. చూడబోతే అచ్చం అందరికీ తెలిసిన పాత రకమే. కుళ్ళాయప్ప గుండె జారింది. అయినా వలను పక్కన పెట్టలేదు. ఆడవీ మగవీ పట్టి తెచ్చి, తల నుంచి కాలి గోరు దాకా పాత రకంతో పోల్చుకుంటూ కూర్చున్నాడు. పాత రకం ఆడదానికి దవడకు రెండు పళ్ళు. వీటికి మూడు. ఒక్కదానికి కాదు, పట్టిన ప్రతి ఆడదానికీ మూడే.

పరుగున వెళ్ళి ఆ ముసలిదాన్ని మళ్ళీ తీశాడు. మూడో పన్ను ఉంది. మట్టి తవ్వి తవ్వి మొద్దుబారి, చిన్న బుడిపెలా మిగిలింది. తాను చాటబోయింది దాని ముసలితనాన్ని. కొత్త జాతి అని చెప్పే గుర్తు ఆ ముసలితనంలోనే మరుగున పడింది. మైక్రోస్కోపు ముందు కూర్చుని కుళ్ళాయప్ప గట్టిగా నవ్వాడు.

వర్ణనంతా మొదటి నుంచి రాశాడు. బోడి అనే పేరు కొట్టేసి, మూడు పళ్ళకు తగిన పేరు పెట్టాడు. కాగితాలు తీసుకుని కడప బస్సెక్కాడు.

సారు చివరి పేజీ దాకా నిదానంగా చదివాడు.

“ఆ ముసలిదాని సంగతి కూడా రాసినావే.”

“అదీ వీటిలోదే కదా సార్. రేపు ఎవరికన్నా అట్లాంటిదే దొరికితే నా మాదిరి మోసపోకూడదని.”

సారు కాగితాలు సర్ది అతని చేతికిచ్చాడు.

“నమ్మకం ఉందా?”

కుళ్ళాయప్ప ఆలోచించుకున్నాడు.

“ఉంది సార్. కానీ పోయినసారి ఉన్నంత లేదు.”

“అయితే పంపు,” అన్నాడు దస్తగిరి సారు.