బొంతమ్మ అడగని మాట

అనగనగా ఒక అడవిలో, నల్లకొండ వాగుకు అవతల, బొంతమ్మ అని ఒక ఎలుగుబంటి ఉండేదర్రా. ఒళ్ళంతా జుట్టే. దూరం నుంచి చూస్తే ఎవరో బొంత కప్పుకుని నడిచొస్తున్నట్టు ఉండేది, అందుకే ఆ పేరు. అడవిలో ఎవరింట పెళ్ళయినా, పేరంటమైనా వడ్డన బొంతమ్మదే. ఆవిడ వడ్డించిన విస్తరి ముందు కూర్చున్నవాళ్ళు తమంతట తాము లేచింది లేదు. పక్కవాళ్ళు పట్టి లేపాల్సిందే.

ఆ అడవి మర్యాద అలాంటిది మరి. తినేవాడు విస్తరికి చెయ్యి అడ్డం పెట్టి "వద్దు, వద్దు" అనాలి. వడ్డించేవాళ్ళు ఆ చేతిని పక్కకు తోసి ఇంకో రెండు వెయ్యాలి. అప్పుడే ఇద్దరికీ తృప్తి. "చాలా?" అని మాత్రం ఎవరూ అడగరు. ఆ మాట అడిగితే వంటింట్లో గిన్నెలు ఖాళీ అయ్యాయని చాటింపు వేసుకున్నట్టే.

ఇలా ఉండగా ఆ ఏడు వానలు కుండపోతగా కురిశాయి. జంతువులన్నీ వచ్చి నాక్కునే ఉప్పునేల ఒకటుండేది, అది కాస్తా వరదకు కొట్టుకుపోయింది. ఉప్పు లేక కూరలు చప్పగా ఉన్నాయంటే సరే, ఎలాగో మింగుతాం. కానీ జింకపిల్లలు నడుస్తూ నడుస్తూ కూలబడిపోతున్నాయి. బొంతమ్మ చెల్లెలి కూతురు, బుజ్జి ఎలుగు, లేవలేక పడుకున్నచోటే రాళ్ళు నాకుతోంది. దాన్ని చూసినప్పుడల్లా బొంతమ్మకు కడుపు తరుక్కుపోయేది.

అదే సమయానికి ఇసుక దేశం నుంచి ఒక గువ్వ కబురు తెచ్చింది. ఆ దేశాన్ని ఏలేది మూపురసేనుడనే ఒంటె దొర. ఆయన దగ్గర ఉప్పు కొండలకు కొండలుంది. అడవిలోని తేనె, ఉసిరికలు ఆయనకు కావాలి. మాట్లాడుకుందామని పౌర్ణమికి తానే స్వయంగా వస్తున్నాడు.

అడవికి రాజు జూలుదొర అనే సింహం. ఆయన బొంతమ్మను పిలిపించాడు.

"బొంతమ్మత్తా," అన్నాడు, "పరాయి దేశపు దొర మన గడప తొక్కడం ఇదే మొదలు. విందు బాధ్యత నీది. ఆయన సంతోషంగా లేస్తే మన పిల్లలకు ఉప్పు. మొహం మాడ్చుకుని లేచాడా, ఇంక రాళ్ళే."

"ఆయన లేవగలిగితే కదా దొరా," అంది బొంతమ్మ, నడుం బిగించి.

ఇక చూడండి సంబరం! బొంతమ్మ కాళ్ళకు చక్రాలు కట్టుకుని తిరిగింది. ఉప్పు కొండలున్న దొరకు ఉప్పులేని పులుసు పోస్తే నవ్విపోతాడు కనుక అంతా తీపే చెయ్యమంది. బూరెలు, అరిసెలు, బొబ్బట్లు, తేనె పోసిన పరమాన్నం. బెల్లం వాసనకు చీమలు పక్క అడవి నుంచి కూడా బారులు కట్టాయి. వాటికి ఎదురెళ్ళి బతిమాలి వెనక్కి పంపే పని ఎవరికిచ్చారనుకున్నారు? ముళ్ళపందికి.

అంత హడావిడిలో గువ్వ వచ్చి బొంతమ్మ భుజం మీద వాలింది. మా దొరగారి భోజనం అలవాట్లు కాస్త వేరుగా ఉంటాయి పెద్దమ్మా, చెప్పనా, అంది. బొంతమ్మ చెవిన వేసుకోలేదు. అప్పుడావిడ పంక్తి ఎలా వెయ్యాలా అని బుర్ర బద్దలు కొట్టుకుంటోంది. పులి పక్కన జింక కూర్చోనంటోంది. పులేమో, ఆ పూటకు నేను ఒట్టి బూరెలే తింటాను, ఒట్టు, అంటోంది. ఆ ఒట్టు వేశాక పులి మూతి నాక్కోవడం జింక చూసింది. చివరికి ఇద్దరి మధ్యా ఏనుగును కూర్చోబెట్టారు.

గువ్వ రెండోసారి వచ్చింది. అప్పుడు పాటల సాధన జరుగుతోంది. స్వాగత గీతం కప్పలది, మేళం గాడిదలది. ఎవరు ముందు మొదలుపెట్టాలో తేలక ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టారు. గువ్వ ఏదో అంటోంది, కానీ ఆ గోలలో దానికే దాని మాట వినపడలేదు.

మూడోసారి వచ్చేసరికి వడ్డన సాధన. ఒక కొండముచ్చు మీద ఇంకో కొండముచ్చును ఎక్కించి, పై దాని వీపు మీద కుండ బోర్లించి, అదే ఒంటె అనుకోమంది బొంతమ్మ. మిగతా కొండముచ్చులు వడ్డించాలి. ఆ ఉత్తుత్తి ఒంటె నిజం బూరెల పళ్ళెం ఖాళీ చేసి, ఇంకా ఆకలిగా ఉంది, సాధన సరిపోలేదు అంది. వాళ్ళను తరుముతూ బొంతమ్మ రొప్పుతుంటే గువ్వ మళ్ళీ మొదలెట్టింది.

బొంతమ్మకు ఒళ్ళు మండింది. "చూడమ్మా గువ్వా, అతిథిని ఎలా చూసుకోవాలో నాకు నువ్వు నేర్పుతావా? విందు అయ్యేదాకా నోరు విప్పనని మాటివ్వు."

పాపం గువ్వ మాటిచ్చింది. మాట మీద నిలబడే పిట్ట అది. వెళ్ళి పందిరి గుంజ మీద కూర్చుని ముక్కు మూసుకుంది.

పౌర్ణమి నాడు మూపురసేనుడు రానే వచ్చాడు. అబ్బో, ఏం ఠీవి! పొడుగాటి మెడ, మూపురం మీద ఎర్ర దుప్పటి, నడుముకు చిరుగంటల పటకా. నెమళ్ళు పురి విప్పాయి. కప్పలూ గాడిదలూ ఒకేసారి అందుకున్నాయి. దొరగారు చెవులు కొంచెం వెనక్కి పెట్టి చాలా బాగుందన్నాడు. జూలుదొర పక్కన మోదుగాకుల విస్తరి ముందు కూర్చున్నాడు.

మొదటి బూరె వేశారు. తిన్నాడు. రెండోది వేశారు. తిన్నాడు. విస్తరి మీద ఒక్క పలుకు మిగల్చలేదు. "వద్దు" అనలేదు, కాలు అడ్డం పెట్టలేదు. వద్దని అననివాడికి ఆకలి తీరనట్టే కదా, అనుకుంది బొంతమ్మ. కొండముచ్చులకు కన్ను గీటింది. అరిసెలు వచ్చాయి. విస్తరి ఖాళీ. బొబ్బట్లు వచ్చాయి. విస్తరి ఖాళీ. బొంతమ్మ ఉబ్బితబ్బిబ్బైపోయింది. ఇంత బాగా తినే చుట్టం జన్మలో దొరకలేదని జూలుదొర చెవిలో గొణిగింది.

పరమాన్నం మూడు గంగాళాలు అయ్యేసరికి దొరగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రుచికి కరిగిపోతున్నాడనుకుంది. ఇంకాసేపటికి మెడ అటూ ఇటూ ఊగసాగింది. పాటకు తల ఊపుతున్నాడనుకుని కప్పలు గొంతు పెంచాయి. వంటింట్లో పిండి అయిపోయింది. కుందేళ్ళు ఇల్లిల్లూ తిరిగి పిండి అడిగి తెచ్చాయి. బొంతమ్మ స్వయంగా పళ్ళెం పట్టుకొచ్చి బూరెలు గుమ్మరించింది.

దొరగారు ఆ బూరెల వంక చూశాడు. ఆ చూపు ఇప్పటికీ తలచుకుంటే నాకు జాలేస్తుంది. కళ్ళు మూసుకుని ఒక బూరె అందుకున్నాడు.

ఫట్ మంది పటకా. చిరుగంటలన్నీ గాల్లోకి లేచాయి. ఒకటి వెళ్ళి పాడుతున్న కప్ప నోట్లో పడింది, దాంతో పాట ఆగింది. ఒంటె ఒళ్ళంతా చెమట. కాళ్ళు వణుకుతున్నాయి. అయినా మూతి మాత్రం విస్తరి వైపే వంగుతోంది.

అప్పుడు బొంతమ్మకు తెలిసొచ్చింది. ఇది ఆకలి కాదు. ఈయన ఇక్కడే పడిపోతే ఉప్పు మాట దేవుడెరుగు, యుద్ధమొస్తుంది. పళ్ళెం కింద పెట్టి గబగబా గుంజ దగ్గరికి పరుగెత్తింది.

"తల్లీ, మాట వెనక్కి తీసుకుంటున్నాను. నోరు విప్పు. ఏమిటిది?"

గువ్వ ఊపిరి పీల్చుకుని ఒక్క గుక్కలో చెప్పింది. "మాది ఇసుక నేల పెద్దమ్మా, గింజ దొరకడమే కష్టం. పెట్టింది వదిలితే పెట్టినవాళ్ళను అవమానించినట్టు. చాలని అతిథి తనంతట తాను అనకూడదు, అంటే వంట బాగాలేదని అర్థం. అందుకని మా దగ్గర పెట్టేవాళ్ళే అడుగుతారు, చాలా అని. మీరు అడిగేదాకా ఆయన తింటూనే ఉంటాడు."

బొంతమ్మకు తల కొట్టేసినట్టయింది. చాలా అని అడగాలా? తనా? ఇంతమంది ముందు? పులీ, ఏనుగూ, ఊరంతా పంక్తిలో కూర్చుని చూస్తుంటే, బొంతమ్మ చేతిలో గిన్నె ఖాళీ అయిందని రేపు అడవంతా చెప్పుకోదూ? అంతలో రాళ్ళు నాకుతున్న చెల్లెలి కూతురు కళ్ళ ముందు కదిలింది.

పరువు పోతే పోయింది. బొంతమ్మ వచ్చి ఒంటె దొర ముందు నిలబడింది. జూలుదొర ఏం చేస్తున్నావన్నట్టు కళ్ళురిమాడు. ఆవిడ అటు చూడలేదు.

"దొరా," అంది, "చాలా?"

ఏనుగు తొండం విస్తట్లో జారవిడిచింది.

మూపురసేనుడు తల ఎత్తాడు. ఆ మొహంలో ఎంత వెలుగొచ్చిందో చెప్పలేను. "చాలమ్మా," అన్నాడు. "చాలు. చాలు. నువ్వు ఈ మాట అడుగుతావని నాలుగో బూరె దగ్గర్నుంచీ ఎదురుచూస్తున్నాను తల్లీ."

అని ఉన్నచోటే ఒరిగి నాలుగు కాళ్ళూ చాపేశాడు. పొట్ట మీద ఎర్ర దుప్పటి లేచి పడుతోంది. ముందు గువ్వ నవ్వింది. తరవాత జూలుదొర. తరవాత ఒంటె దొరే నవ్వడం మొదలుపెట్టి, అయ్యో నవ్వించకండి, పొట్టలో చోటు లేదు, అని మొత్తుకున్నాడు. పులి నవ్వి నవ్వి, ఏనుగును దాటుకొచ్చి మరీ జింక భుజం మీద వాలిపోయింది. జింక కూడా నవ్వుతూనే మెల్లిగా ఏనుగు వెనక్కి జరిగింది.

తెల్లారాక ఒప్పందం కుదిరింది. తేనెకు ఉప్పు, ఉసిరికకు ఉప్పు. మొదటి మూటలు తీసుకెళ్ళడానికి బొంతమ్మే రావాలని దొరగారు పట్టుబట్టాడు.

వెళ్ళింది. ఎండలో నడిచి నడిచి ఆకలితో నకనకలాడుతూ ఇసుక దేశం చేరింది. ఘనంగా కూర్చోబెట్టారు. ఒక ఖర్జూరం పెట్టారు. "చాలా?" అని అడిగారు. చిన్నప్పటి నుంచీ అలవాటైన నోరు కదా, ఊరుకుంటుందా. "అబ్బే, చాలు, చాలు," అనేసింది. చెయ్యి తోసి ఇంకో రెండు వేస్తారని చూసింది. వాళ్ళు పళ్ళెం తీసుకెళ్ళిపోయారు. సాయంత్రం ఒక రొట్టె ముక్క. చాలా? చాలు. పళ్ళెం మాయం. మర్నాడు ఒక గుక్కెడు పాలు. బొంతమ్మ పొట్ట పులిలా గాండ్రిస్తోంది.

ఎదురుగా మూపురసేనుడు నవ్వు ఆపుకుంటూ అడిగాడు, "చాలా బొంతమ్మా?"

చాలు అనబోయింది. ఆగింది. తన పందిట్లో ఆయన కళ్ళు మూసుకుని బూరె అందుకోవడం గుర్తొచ్చింది.

"చాల్లేదు దొరా," అంది. "నిన్నటి నుంచీ చాల్లేదు. ఆకలి చంపేస్తోంది, పెట్టండి."

ఆ పూట ఇసుక దేశంలో ఖర్జూరాలు గంపలకెత్తి తెచ్చారు. బొంతమ్మ తిన్నంతసేపూ దొరగారు పక్కనే కూర్చుని, ప్రతి గంపకూ ఒకసారి చాలా అని అడిగి మురిసిపోయాడు.

ఉప్పు మూటలతో ఆవిడ అడవికి తిరిగొచ్చింది. మొదటి ఉప్పుగల్లు చెల్లెలి కూతురి నాలుక మీద పెట్టింది. నాలుగు రోజుల్లో అది లేచి గంతులేసింది. ఆ తరవాత ఆ అడవికి ఏ దేశం నుంచి ఎవరొచ్చినా, బొంతమ్మ పొయ్యి వెలిగించే ముందు గువ్వను పిలిచి పక్కన కూర్చోబెట్టుకునేది. వడ్డిస్తూ వడ్డిస్తూ, గరిటె పైకెత్తి, చాలా అని అడిగేది. గరిటెలోది మాత్రం ఎలాగూ వేసేసేదనుకోండి.

నీతి: ఎదుటివాళ్ళకు ఏం కావాలో మనమే అనేసుకోవడం మర్యాద కాదర్రా, నోరు తెరిచి అడగడం మర్యాద, అడిగినప్పుడు ఉన్నమాట చెప్పడం కూడా మర్యాదే.