నాలుగు మూలల పాట

పైడిరాజుకి మూడు రోజులుగా అన్నం సయించడం లేదు. ఒంట్లో ఏ జబ్బూ లేదు. సత్యంనాయుడికి డిస్కు దొరికింది, అదే జబ్బు.

ఇద్దరూ విజయనగరంలో కూర్మాచార్యులు గారి దగ్గర వయొలిన్ నేర్చుకున్నవాళ్ళే. వాయించడం అంతగా అబ్బలేదు గానీ వినే పిచ్చి మాత్రం ఇద్దరికీ అంటుకుంది. అదీ మామూలు పిచ్చి కాదు. గదికి నాలుగు మూలలా స్పీకర్లు పెట్టుకుంటే, ఒక్కో మూల నుంచి ఒక్కో వాయిద్యం వినిపించే సరౌండ్ డిస్కులని ఉండేవి. కంపెనీలు వాటిని ఎప్పుడో ఆపేశాయి. వాటిని ఆడించే ప్లేయర్లూ రావడం లేదు. ఊరు మొత్తానికి పనిచేసే ప్లేయరు పైడిరాజు దగ్గరొక్కటే మిగిలింది.

ఆ డిస్కుల్లో ఒకటి, గుడి మండపంలో రికార్డు చేసిన నాదస్వర కచేరీ. దానికోసం పైడిరాజు తిరగని ఊరు లేదు, అడగని కొట్టు లేదు. అలాంటిది మద్రాసులో పెళ్ళికి వెళ్ళిన సత్యంనాయుడికి పాత సామాన్ల కొట్లో దొరికేసింది. నక్కతోక తొక్కి వెళ్ళాడు మరి!

"ఒరే పైడీ, మీ ఇంటికి పట్టుకొచ్చేస్తాను. ఇద్దరం కలిసి విందాంరా" అన్నాడు సత్యం ఫోన్లో, సంబరం పట్టలేక.

పైడిరాజు కడుపు భగ్గుమంది. "మిషన్ పాడైందిరా" అనేశాడు. గడ్డివాము దగ్గర కుక్క సామెత అతనికి తెలియంది కాదు. తను వినకపోయినా ఫరవాలేదు, వాడు మాత్రం వినకూడదు.

మూడోనాటి సాయంత్రం కూర్మాచార్యులు గారు చేతికర్ర పట్టుకుని వచ్చారు.

"నీ మిషన్ పాడైందని సత్యం తెగ బెంగపడిపోయాడు. చూసిపోదామని వచ్చాను."

పైడిరాజు మొహం పాలిపోయింది. "ఇవాళే... బాగుపడింది గురువుగారూ."

"మంచిది. అయితే ఏదైనా పెట్టు."

గది మధ్యలో ఒకటే కుర్చీ. దాని కాళ్ళ చుట్టూ నేలమీద సుద్దగీతలు. అంగుళం జరిగినా నాలుగు మూలల పాటా సరిగ్గా కలవదని పైడిరాజు నమ్మకం. గురువుగారిని కూర్చోమంటే ఆయన వద్దన్నారు.

"నువ్వే కూర్చో. నాకు నడుస్తూ వినడం అలవాటు."

పైడిరాజు తన దగ్గరున్నవాటిలో మేలైన డిస్కు పెట్టాడు. ఎదర వయొలిన్, వీణ. వెనక మృదంగం, ఘటం. "చీమ చిటుక్కుమన్నా ఏ మూలో చెప్పేస్తాను గురువుగారూ" అన్నాడు గర్వంగా.

పల్లవి అయ్యేదాకా విన్నాడు. ఆ తర్వాత కడుపులోది ఆగలేదు.

"మీరే చెప్పండి, ఆ సత్యంగాడికి శ్రుతి తెలుసా, లయ తెలుసా? తోడికీ భైరవికీ తేడా తెలీనోడు! కాకిముక్కుకి దొండపండు కాకపోతే ఏటిది?"

"ఊఁ" అంటూ గురువుగారు గది చుట్టూ తిరుగుతున్నారు. మూల మూలకీ ఆగి, స్పీకరు వెనక చెయ్యి పెట్టి, మళ్ళీ నడుస్తున్నారు.

"ఆడి ఇంట్లో ఆ డిస్కు ఏ టీవీ కిందో పడుంటుంది, దుమ్ము కొట్టుకుంటూ! అదే నా దగ్గరుంటే పట్టుగుడ్డలో చుట్టి దాచుకుందును. అసలు ఆడు మద్రాసు వెళ్ళింది పెళ్ళి భోజనానికి గురువుగారూ! భోజనానికి!"

గురువుగారు కుర్చీ ఎదటికొచ్చి నిలబడ్డారు. "కచేరీ ఎలా ఉంది నాయనా?"

"దివ్యంగా ఉంది. ఆ వెనక మృదంగం చూడండి..."

చూపించడానికి ఎత్తిన వేలు అలాగే ఉండిపోయింది. గదిలో చప్పుడు లేదు. నాలుగు మూలలా స్పీకర్ల దీపాలు ఆరిపోయి ఉన్నాయి. ప్లేయర్లో డిస్కు ఒక్కటే తిరుగుతోంది.

"ఇక్కడిది నేను ఆపేసి చాలాసేపైంది" అన్నారు గురువుగారు మెల్లిగా. "సత్యం ఇంట్లో మూలపడి ఉన్న డిస్కే నీకు ఇంతసేపూ వినిపించింది."

చేతికర్ర అందుకుని వెళ్ళిపోయారు.

పైడిరాజు కుర్చీలోంచి కదల్లేకపోయాడు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. చాలాసేపటికి లేచి, పక్కగదిలోంచి ఇంకో కుర్చీ ఈడ్చుకొచ్చాడు. రెండూ పక్కపక్కన వేస్తే ఏదీ సుద్దగీతల్లో పట్టలేదు. గీతల్ని కాలితో తుడిచేసి ఫోన్ తీశాడు.

"ఒరే సత్యం, డిస్కు పట్టుకొచ్చెయ్. మిషన్ బాగానే ఉంది."

ఫోన్ పెట్టెయ్యకుండా ఇంకో మాట కలిపాడు.

"మొన్న నువ్వడిగినప్పుడూ బాగానే ఉందిరా."