పోలమ్మ పన్ను విచారణ

ఆ రాజుగారి పేరు ఇప్పుడెవరికీ గుర్తులేదు గానీ, ఆయన రాజ్యంలో వైద్యుల మీద ఫిర్యాదొస్తే తోటి వైద్యుల మండలే విచారించేది. ఫిర్యాదు ఎవరి మీదో ఆ వైద్యుడు కూడా వాళ్ల పక్కనే పీటేసుకుని కూర్చునేవాడు.

శరభయ్య వైద్యుడు పుచ్చిన పన్ను వదిలేసి పక్కనున్న మంచి పన్ను పీకేశాడని బుట్టలల్లే పోలమ్మ ఆరు నెలలుగా ఆ మండలి చుట్టూ తిరుగుతోంది. చివరికి పెద్ద వైద్యుడు తీర్పు చెప్పాడు.

"చూడమ్మా, పీకడం శాస్త్రప్రకారమే జరిగింది. పన్ను మాత్రమే వేరు. మావాడి తప్పేమీ లేదు."

పోలమ్మ దవడ పట్టుకుని లేచింది. "తమరంతటివారు చెప్పాక ఇంకేముంది బాబయ్యా. అయితే పన్ను పీకుతూ ఆయనన్న మాట కూడా నిజమేనన్నమాట."

"ఏమన్నాడు?"

"ఈ ఊళ్లో తక్కిన వైద్యులు పశువులకి కూడా పనికిరారు, వాళ్ల గడప తొక్కకు అన్నారు."

అందరూ శరభయ్య వైపు తిరిగారు. ఆయన నేలచూపులు చూశాడు. పెద్ద వైద్యుడు తన నోట్లో తాంబూలం నమలడం పూర్తికాకముందే శరభయ్య పట్టకారు లాక్కుని, ఇక వైద్యం చెయ్యొద్దని తేల్చేశాడు.

"ఇంత ఘోరం మొదటిరోజే ఎందుకు చెప్పలేదు?" అని పోలమ్మని గదమాయించాడు.

"నా నొప్పి చెబితే చాలనుకున్నాను బాబయ్యా. నొప్పి తమరికి పుట్టాలని తెలుసుకోడానికి ఆరు నెలలు పట్టింది."