బెల్లంగాడి గోనెపట్టా

కొండ దిగువన జీడితోటలో దాలెమ్మగారి పశువుల సాల ఉంది. ఊడ్పుల రోజుల్లో మనుషులంతా పొలానికి పోతే పొద్దుగూకేదాకా ఆ సాలలో జంతువులదే రాజ్యం. వాటిలో పెద్దదిక్కు కాటుకమ్మ అనే ముసలి గేదె. నెమరు వేసినంత నిదానంగా మాట్లాడుతుంది గానీ, ఆవిడ మాటకు ఎదురు చెప్పినవాళ్ళు లేరు. తరువాత నెమలిపెట్ట అనే కోడి, దాని వెనకాల ఒక మంద పిల్లలు. వీళ్ళందరికీ కాపలా బెల్లంగాడు అనే కుక్క. ఒళ్ళు బెల్లం రంగు కాబట్టి ఆ పేరు వచ్చింది. మనసు కూడా బెల్లమేనని కాటుకమ్మ అంటుంది.

పేరుకి కాపలా కుక్కే గానీ బెల్లంగాడి తోలు పసిపిల్లల బుగ్గకంటే పల్చన. గడ్డి గుచ్చుకుంటే దద్దుర్లు, దోమ కుడితే బొబ్బ. పక్క తోటల కుక్కలు "రాకుమారుడు వచ్చాడ్రోయ్, దారివ్వండి" అని ఏడిపించేవి. వాడికి ఆ ఏడిపింపులు పట్టేవి కావు. ఎందుకంటే, ముసురు పట్టిన మధ్యాహ్నాల్లో కోడిపిల్లలన్నీ వచ్చి వాడి పొట్టకింద దూరి పడుకునేవి. ఆ బుల్లి గుండెలు టకటకా కొట్టుకుంటుంటే ఊపిరి గట్టిగా తీయడానికి కూడా వాడికి భయం. అంతకుమించిన సుఖం వాడికి ఇంకొకటి తెలియదు.

ఆ సుఖం మీదికే వచ్చిపడ్డాయి ఎగిరే పేలు. పట్టుకుందామంటే దొరకవు. ఇక్కడ కుట్టి అక్కడికి గెంతుతాయి. వేరే కుక్క అయితే నాలుగుసార్లు గోక్కుని ఊరుకునేది. బెల్లంగాడికి మాత్రం ఒక్క కాటుకే వీపంతా ఎర్రబారి, బొచ్చు ఊడి, నిద్ర కరువైంది.

ఒక మధ్యాహ్నం నిద్రమత్తులో వెనక్కాలితో విసురుగా గోక్కున్నాడు. పొట్టకింద పడుకున్న పిల్లల్లో అన్నిటికన్నా చిన్నది, నూక, ఎగిరి గోడకు తగిలింది. ప్రాణానికి ఏమీ కాలేదు గానీ కుంటడం మొదలుపెట్టింది.

నెమలిపెట్ట తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నూకని రెక్కకింద దాచుకుని మెల్లగా అంది: "తమ్ముడూ, నువ్వు కావాలని సెయ్యలేదని నాకు తెలుసు. కానీ నీ ఒళ్ళు బాగుపడేదాకా పిల్లల్ని నీ కాడికి పంపను. ఏటీ అనుకోకు."

"ఏటనుకుంటానప్పా," అన్నాడు బెల్లంగాడు. అక్కని అప్పా అని పిలవడం ఆ కొండకింద అలవాటు. అనడం అయితే అన్నాడు గానీ, అక్కడ ఉండలేక కంచె దగ్గరికి పోయి కూర్చున్నాడు.

ముళ్ళకంచె అవతల నక్క ఉండనే ఉంది. ఆ వాసన బెల్లంగాడికి ఎప్పుడో తెలిసింది. వాడి ముక్కు అలాంటిది. అందుకే నక్క ఏనాడూ కంచె దాటలేదు. మాటలకు మాత్రం కంచె అడ్డం కాదు కదా.

"ఏటల్లుడూ, గోక్కుని గోక్కుని సగమైపోయావు!"

"పేలు, మామా. నా కాలు తగిలి నూకకి దెబ్బ తగిలింది. పిల్లలు నా కాడికి రావడం మానేశాయి."

నక్కకి పేల గురించీ పట్టదు, నూక కాలి గురించీ పట్టదు. పిల్లలు కుక్క పక్కన పడుకోవడం లేదు, అదొక్కటే దాని చెవికెక్కింది. ఇక మిగిలింది ఆ ముక్కు.

"అయ్యో, నాకు ముందే సెప్పకపోయావా! పక్క తోటలో పొగాకు కాడల పొడి కుప్ప పోసుంది సూడు. అందులో బాగా పొర్లు. ముఖ్యంగా ముక్కుకి పట్టించు. పేల పెద్దలందరూ ముక్కు కాడే కాపురముంటారు."

"మండదా మామా? నా తోలు కొంచెం..."

"మండితేనే మందు పనిచేస్తున్నట్టు! మగాడివి, ఆమాత్రం ఓర్సుకోలేవా?"

ఆ చివరి మాట తగలాల్సిన చోట తగిలింది. రాకుమారుడు అనిపించుకున్నవాడు కదా, ఈసారి ఎలాగైనా ఓర్చుకోవాలనుకున్నాడు.

పొర్లాడు. ముక్కు కూడా ముంచాడు. కాసేపటికి కళ్ళు మూసుకుపోయి, ఒళ్ళు నిప్పుల మీద వేసినట్టయి, గోడలు తడుముకుంటూ సాలకి చేరాడు. కాటుకమ్మ చూసి పలుపు తెంచుకుని లేచింది.

"ఓలమ్మో! ఏటి పూసుకున్నావురా? నడు, ముందు కాలవలోకి నడు!"

ఆవిడ ముందు, వాడు వెనక. మెడలోతు నీళ్ళలో వాణ్ణి నిలబెట్టి, కళ్ళలోకి కారకుండా చూస్తూ ఆ పొడి అంతా పోయేదాకా నాలుకతో తోమింది. పొగాకు ఘాటుకి ఆవిడకే తల తిరిగింది, అయినా వదల్లేదు.

"ఎవడు సెప్పాడీ మందు?"

"నక్క మామ."

"వాడు మందేసింది నీ ఒంటికి కాదురా, నీ ముక్కుకి. ఇప్పుడు నక్క నీ పక్కన కూకున్నా నీకు తెలీదు."

బెల్లంగాడు గాలి పీల్చి చూశాడు. గడ్డి లేదు, పేడ లేదు, కాటుకమ్మ లేదు. ఉన్నదంతా పొగాకే.

"మరి నా పేలకి మందు లేదా మామ్మా?"

"ఉంది. కానీ అందరి మందూ నీకు పడదు. వేపాకు నానేసిన నీళ్ళున్నాయి తొట్టిలో. ఒళ్ళంతా తడిపెయ్యకు. ముందు ఒక్క కాలికి రాసుకో. రేపటికి ఎర్రబడకపోతే అప్పుడు మిగతా ఒళ్ళు సూద్దాం. మీదున్న పేలని నెమలిపెట్ట ముక్కుతో ఏరుతుంది, దువ్వెనకంటే నయం. కానీ అసలు సంగతి అది కాదు. నీ మీదికి అవి తిండికొస్తాయంతే. గుడ్లు, పిల్లలు, సంసారం, అంతా నువ్వు పడుకునే గోనెపట్టాలో."

బెల్లంగాడు తల దించుకున్నాడు. ఆ గోనెపట్టా మీదే వాళ్ళమ్మ వాణ్ణి కన్నది. అమ్మ పోయినా వాసన మాత్రం ఆ గోనెలో మిగిలిందని వాడి నమ్మకం. దాన్ని ఎవరినీ ఉతకనిచ్చేవాడు కాదు, దులపనిచ్చేవాడు కాదు. దాలెమ్మ పట్టుకుపోతే వెనకాలే పోయి లాక్కొచ్చేవాడు.

"అమ్మ వాసన పోతాది, మామ్మా."

కాటుకమ్మ వాడి చెవి నాకింది. "పారెయ్యమనలేదు కదరా నాయనా. ఎండ సూపిద్దాం. అమ్మ ఉంటే అదే సేసేది."

మర్నాడు వేపనీళ్ళు తడిపిన కాలు ఎర్రబడలేదు. కాటుకమ్మ కొమ్ములతో గోనెపట్టా లాక్కుపోయి కంచె మీద వేసి, మబ్బు విడితే ఎండ తగులుతుందని చెప్పి కాలవకి పోయింది. గోనె తీసిన చోట దుమ్ములో తెల్లటి పురుగుల్లాంటి పేల పిల్లలు మెసిలాయి. నెమలిపెట్ట తన సంసారంతో సహా ఆ మూలకి చేరి కాళ్ళతో కెలికి కెలికి తినడం మొదలుపెట్టింది. బెల్లంగాడు గడప దగ్గర పడుకున్నాడు. ఒళ్ళు ఇంకా వణుకుతోంది, గొంతు పొగాకుకి పూడుకుపోయి మొరుగుడు రావడం లేదు.

వాచిన కళ్ళ సందులోంచి కంచె దగ్గర ఏదో కదిలినట్టు కనిపించింది. తోక. వాసన లేదు, చప్పుడు లేదు, తోక మాత్రం ఉంది. నక్క కంచె దాటి లోపలికి వచ్చేసింది.

లేవబోయాడు. కాళ్ళు నిలవలేదు. తను గెంతితే నక్క పక్కకి తప్పుకుంటుంది, మరుక్షణం గడప దాటుతుంది. లోపల నూక కుంటుతోంది, పరిగెత్తలేదు. బెల్లంగాడు కంచె మీద గోనెపట్టా వంక చూశాడు. అందులో కోడిపిల్లల ఈకలున్నాయి, వాసన ఉంది. వాడి అమ్మ కూడా ఉంది.

గొంతు పెగల్చుకుని గట్టిగానే అన్నాడు: "అప్పా! పిల్లలు కంచె మీద గోనెలో ఇప్పుడే నిద్రోయాయి. లేపకు. నాకు కళ్ళు కనబడవు, నేనూ ఓ కునుకు తీస్తాను."

నెమలిపెట్ట ఒక్క క్షణం ఆగింది. తల్లి కదా, అర్థం చేసుకోవడానికి అంతకంటే పట్టలేదు. పిల్లలన్నిటినీ రెక్కలకింద అదిమేసి పలికింది: "సరే తమ్ముడూ! నూక మీద గోనె కప్పే ఉంచు, సలి తగుల్తాది."

నక్క గోనెని వాసన చూసింది. కమ్మగా కోడిపిల్లల వాసన. విప్పి చూడ్డానికి తీరిక ఎక్కడిది? గోనెకి గోనే నోట కరుచుకుని కంచె దూకి కొండమీదికి పరిగెత్తింది.

బెల్లంగాడు దాన్ని కనబడినంతసేపు చూస్తూనే ఉన్నాడు. కనుమరుగయ్యాక ముందుకాళ్ళలో మొహం దాచుకుని ఏడ్చాడు. పిల్లలు బతికాయని సంతోషమే. అమ్మ వెళ్ళిపోయిందని ఏడుపే. రెండూ నిజమే.

కాటుకమ్మ వచ్చాక విషయమంతా వింది. తరువాత ఎండుగడ్డి నోటితో తెచ్చి వాడికి కొత్త పడక వేసింది. కింద వేపాకు పరిచి, అది వాడిపోగానే మార్చేది. నెమలిపెట్ట రోజూ వాడి వీపు మీదెక్కి ఒక్కొక్క పేనూ ఏరింది. వేపనీళ్ళ స్నానం, కాలవ స్నానం, పడకకి ఎండ. మెల్లగా దద్దుర్లు అణిగాయి, బొచ్చు మొలిచింది.

ఒక ముసురు మధ్యాహ్నం వాడు నిద్రలో ఉండగా ముక్కుకి ఏదో వాసన తగిలింది. పొగాకు కాదు. వెచ్చగా, కొంచెం నూకల వాసనలా ఉంది. కళ్ళు తెరిస్తే పొట్టకింద నూక. ఎవరూ పంపకుండానే కుంటుకుంటూ వచ్చేసింది. వెనకాల మిగతా పిల్లలు. నెమలిపెట్ట చూసీ చూడనట్టు అటు తిరిగి గింజలు ఏరుకుంటోంది. బెల్లంగాడు మళ్ళీ ఊపిరి మెల్లగా తీయడం మొదలుపెట్టాడు.

అప్పుడే కంచె అవతల గరగరా గోకుడు చప్పుడు. చూస్తే నక్క. తోక సగం బోడి, వీపంతా పుండ్లు. గోనెలో కోడిపిల్లలు దొరకలేదు గానీ, గోనెలో ఉన్న పేల సంసారమంతా నక్క బొరియలో కాపురం పెట్టేసింది.

"అల్లుడూ, నీ ఒళ్ళు నిగనిగలాడుతోంది. ఏటి సేశావో సెప్పవా?"

నూక నిద్ర చెడకుండా బెల్లంగాడు తగ్గుగొంతుతో ఉన్నదున్నట్టు చెప్పాడు. "నీ ఒంటికంటే ముందు నీ పడక సంగతి సూడు మామా. బొరియలోంచి ఆ గోనె తీసి ఎండలో వెయ్యి. రోజూ కాలవలో మునుగు. వేపనీళ్ళు ముందు ఒక్క కాలికే రాసి సూసుకో."

నక్క కళ్ళు చికిలించి వాడి వంక చూసింది. తను బెల్లంగాడికి ఏం చెప్పిందో దానికి బాగా గుర్తు. వాడి స్థానంలో తనుంటే ఏం చెప్పేదో ఇంకా బాగా తెలుసు.

"నన్ను ముంచుదామనా? నేను ఆమాత్రం ఎరగనా!" అనుకుని గిర్రున తిరిగి, వాడు పొగాకులో పొర్లాకే కదా బాగుపడ్డాడు, నిజమైన మందు అదే అయ్యుంటుందని తిన్నగా పొగాకు కాడల కుప్పలోకి దూకింది. ఆ కేక కొండమీది దాకా వినిపించింది. పొట్టకింద పిల్లలు ఉలిక్కిపడితే, "ఏటీ లేదు, పడుకోండి," అన్నాడు బెల్లంగాడు.

నీతి: మోసంతో మందు చెప్పినవాడికి, మంచి మందు చెప్పేవాడు దొరికినా నమ్మకం కుదరదు.