దండెమైన నాడాలు

ఒకే ప్రశ్న రెండోసారి వినబడితే మా గురువుగారు చయనులు గారికి ఒళ్ళు మండేది. మా తోటి శిష్యుడు కూర్మనాథం తొమ్మిది నెలలుగా రోజూ అదే అడిగేవాడు. "జపానికి కూర్చుంటే నోరు తిరుగుతుంది గానీ, మనసు ఊరంతా తిరిగొస్తుంది. మనసు లేని జపం ఎందుకండీ?" ఆ రోజు మూట కట్టుకుని మరీ వచ్చి అడిగాడు. జవాబు నచ్చకపోతే సాయంత్రం బస్సుకి ఇంటికి పోతాడట.

గురువుగారు నెత్తి కొట్టుకున్నారు. "ముందా మూట దించు" అని, ఇది చెప్పారు.

యుద్ధం రోజుల్లో రంగూను నుంచి విశాఖపట్నానికి ఒక ప్రయాణికుల ఓడ బయల్దేరింది. దారిలో జలాంతర్గాములు పొంచి ఉన్నాయని, రోజూ నాలుగింటికి ఓడ కళాసీల పెద్ద సారంగు గంట కొట్టేవాడు. ప్రతివాడూ నీళ్ళలో తేల్చే బెండు చొక్కా తొడుక్కుని, నాడాలు ఛాతీ మీద బిగించి, పడవల దగ్గర నిలబడాలి. రంగూను ధాన్యం మిల్లులో బస్తాలు మోసి వస్తున్న లెంక పైడయ్యకి ఇది పరమ చిరాకు. "ఈ సారంగుకి ఇంకో పని నేదు, మన పేనాలు తీత్తన్నాడు" అని తిడుతూ, ఆవలిస్తూనే కట్టుకునేవాడు.

పక్కనే ఒక కుర్ర పండితుడు. "శ్రద్ధ లేకుండా చేసేది అభ్యాసమే కాదయ్యా. ఆపద వచ్చిననాడు పూర్తి శ్రద్ధతో కడతాను" అనేవాడు. పైగా నలుగురి బట్టలూ ఆరే తాడు మీద వేస్తే ఆయన పంచె మైలపడుతుంది. అందుకని తన చొక్కా నాడాలు ఊడదీసి, ఒకదానికొకటి ముడేసి, ఓ మూల మడిబట్టకి దండెం కట్టుకున్నాడు. (ఆ పండితుడెవరో మాకు తెలుసు. మాకు తెలుసని గురువుగారికే తెలియదు. ఆయన పంచె ఇప్పుడు మా లుంగీల పక్కనే ఆరుతుంది.)

మూడోనాడు, గంట కొట్టకముందే, టార్పెడో తగిలి ఓడ ఒక పక్కకి ఒరిగింది. పండితుడికి శ్రద్ధ వచ్చింది. ఒళ్ళంతా శ్రద్ధే. కానీ చొక్కాకి నాడాలేవీ? దండెం విప్పబోతే తడికి బిగిసిన ముడి ఎంత లాగినా ఊడలేదు. పైడయ్య చొక్కా అప్పటికే బిగించి ఉంది. ఎప్పుడు కట్టుకున్నాడో అతనికే తెలీదు, నోరింకా సారంగుని తిడుతూనే ఉంది. దండెం మీది తడి పంచె లాగి, పండితుడికి చొక్కా తొడిగి, పంచెతోనే చుట్టూ బిగించేశాడు.

"పంతులు బాబూ, మైల ఒడ్డుకెల్లాక కడుక్కుందురు గాని, ముందు ఊపిరి బిగబట్టండి."

పడవవాళ్ళు వచ్చి లాగేదాకా ఇద్దరూ తేలుతూనే ఉన్నారు. ఓడలో సగంమంది పైకి రాలేదు. సారంగు కూడా రాలేదు. ఆ సంగతి తెలిశాకే పైడయ్య తిట్టడం ఆపాడు.

కూర్మనాథం మూట వంక చూశాడు. లోపల జపం గంట మోగింది.

"వెళ్ళి కూర్చో" అన్నారు గురువుగారు.

"ఇవాళ కూడా మనసు రానంటే?"

గురువుగారు మళ్ళీ నెత్తి కొట్టుకున్నారు.

"నేను కూర్చోమన్నది నిన్నురా."