గవ్వలబోడు మీద మొక్కల లెక్క

బోటనీ విద్యార్థులు ఈ కథను చెప్పుకునే తీరు వేరు. ఫాదర్ శౌరయ్య ఖాళీ కుండీలో నీళ్ళు పోసి కళ్ళు మూసుకున్నారట. సాయంత్రానికి అందులో పువ్వు పూసిందట. ఆ మొక్కలు ప్రపంచం మొత్తం మీద ఏడే ఉన్నాయట. ఆ ఏడింటి కోసం గవ్వలబోడు కొండ మీద క్వారీ ఆగిపోయిందట.

వినడానికి బాగుంది. అయితే మొక్క ఏదీ ఒక్క పూటలో మొలిచి పూయదు. ఏడు అన్న అంకెను చూసినా అనుమానం రావాలి. మన కథలకు ఆ అంకె మీద మక్కువ ఎక్కువ. కాకపోతే ఇక్కడి అంకె పాత కథల్లోంచి రాలేదు. ఒక దినపత్రిక జిల్లా సంచికలోంచి వచ్చింది. దాన్ని పత్రికకు అందించింది ఫాదర్ శౌరయ్య శిష్యురాలు మునిలక్ష్మి.

ఫాదర్ శౌరయ్య కతోలిక గురువు. గుంటూరు వైపు మనిషి. కొండల జిల్లాలోని ఒక కళాశాలలో నలభై ఏళ్ళు బోటనీ చెప్పి, ఉద్యోగ విరమణ తరువాత అక్కడే ఎండబెట్టిన మొక్కల నమూనాలు దాచే హెర్బేరియం చూసుకునేవారు. మునిలక్ష్మి ఆయన దగ్గర పరిశోధన చేసిన చివరి విద్యార్థిని.

2003 సెప్టెంబరు చివర ఆమెకు గవ్వలబోడు మీద, రాతి పలకల నడుమ పట్టిన కాస్త మట్టిలో, జానెడైనా ఎత్తులేని ఒక మొక్క కనిపించింది. కింద చిన్న దుంప, పైన సన్నని కాడ, కాడ చివర ముదురు వంగపండు రంగులో నక్షత్రం లాంటి పువ్వు. ఆ చుట్టూ అలాంటివే ఇంకో ఆరు ఉన్నాయి. తనకు తెలిసిన ఏ వర్ణనకూ అది సరిపోలేదు. అది లోకానికి కొత్త జాతి అని తేలడానికి మూడు నెలలు పట్టింది. తేలిన రోజునే ఆమె విలేఖరికి చెప్పేసింది: ఏడే మొక్కలు, ప్రపంచంలో ఇంకెక్కడా లేవు.

మార్చిలో గవ్వలబోడు మీద నల్లరాయి క్వారీకి దరఖాస్తు పడింది. ఆగస్టులో ప్రజాభిప్రాయ సేకరణ ఉండవచ్చని మండల కార్యాలయంలో చెప్పారు. మునిలక్ష్మి పది రోజుల్లో వ్యాసం పూర్తిచేసి గురువు ముందు పెట్టింది.

ఫాదర్ వర్ణన అంతా చదివారు. ఆకు అంచుల గురించి రాసిన చోట ఒకసారి, పువ్వు లోపలి నూగు గురించి రాసిన చోట ఒకసారి ఆగి తల ఊపారు.

"పేరు పెట్టాల్సిన చోటు ఖాళీగా వదిలావేమ్మా?"

"మీ పేరు పెడదామని, ఫాదర్. మీరు సరేనంటే."

ఫాదర్ వ్యాసంలోని పువ్వు ఫొటోను కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నారు. "దీని వాసన ఎట్లా ఉంటుందన్నావు?"

"చచ్చిన ఎలుక వాసన. దానికే ఈగలు వచ్చి వాలతాయి."

"అయితే మా బిషప్ గారి పేరు పెట్టు." ఆమె నవ్వాపుకోలేకపోయింది. "వద్దులే, కొండ పేరే పెట్టు. కొండకు అలక ఉండదు."

తరువాత ఆయన చివరి పేరాకు వచ్చారు. కొత్త జాతిని వర్ణించినవాళ్ళు అది ఎంత ప్రమాదంలో ఉందో కూడా అంచనా వేసి రాయాలి. మునిలక్ష్మి రాసింది: మొత్తం ఏడు మొక్కలు, చుట్టుపక్కల అయిదు కొండల మీద వెతకగా లేదు, కనుక అంతరించే ప్రమాదం అత్యంత తీవ్రం.

"అయిదు కొండలూ ఎక్కావా?"

"ఎక్కినాను ఫాదర్. మోకాళ్ళు చూపిస్తే మీరే జాలిపడతారు."

"ఏ నెలలో?"

"జనవరిలో."

ఫాదర్ లేచి వరండాలోకి వెళ్ళి ఒక మట్టికుండీ మోసుకొచ్చారు. దాన్ని ఆమె బల్ల మీద, వ్యాసం పక్కన పెట్టారు.

"ఇందులో ఏముందో ఒక చీటీ మీద రాసి, తేదీ వేసి, సంతకం పెట్టు."

మునిలక్ష్మి వంగి చూసింది. ఎండి బీటలిచ్చిన ఎర్రమట్టి. ఆకు లేదు, మొదలు లేదు.

"ఇది పరీక్షా, ఫాదర్? నాకు ఇరవై ఎనిమిదేళ్ళు."

"అయితే త్వరగానే రాస్తావు."

ఆమె 'మొక్క లేదు' అని రాసి సంతకం పెట్టింది. ఫాదర్ ఆ చీటీని ఒక పుల్లకు గుచ్చి కుండీ మధ్యలో నిలబెట్టారు.

"రోజూ కాసిని నీళ్ళు పొయ్యి. వ్యాసం సంగతి తరువాత చూద్దాం."

"తరువాత అంటే? ఈ వారం పంపితేనే ఆగస్టుకు అచ్చవుతుంది. అచ్చుకాగితం లేకుండా నేను వాళ్ళ ముందర ఏం చూపించాల? కొండ పోతుంది, ఫాదర్!"

"పోకూడదనేగా," అన్నారు ఫాదర్. కళ్ళజోడు తీసి పెట్టెలో పెట్టుకున్నారు. ఆ పెట్టె మూత పడితే ఇక మాట లేనట్టేనని శిష్యులందరికీ తెలుసు.

మునిలక్ష్మి కోపంతోనే నీళ్ళు పోసింది. పక్క గది పరిశోధకుడు ఓబులేసు గుమ్మంలో నిలబడి చూసి, "ఏం మునీ, మట్టికి నీళ్ళు పెడతాండావు? ఇటుకలు మొలిస్తే మాకూ నాలుగు ఇయ్యి, ఇల్లు కట్టుకుంటాం," అన్నాడు. ఆగస్టు దాకా మిగిలిన వారాలు ఒక్కొక్కటే తగ్గిపోతున్నాయి.

ఏప్రిల్‌లో ఒక ఉదయం ఆమె చెంబుతో వచ్చేసరికి చీటీ పుల్ల ఒక పక్కకు ఒరిగి ఉంది. దాన్ని పక్కకు నెట్టింది ఒక మొలక. రెండు ఆకులు విప్పుతోంది. ఇందులో మహిమ ఏమీ లేదు. అది కొత్త జాతి కూడా కాదు. దానికి బంధువైన మామూలు మొక్క. దాని దుంపను ఫాదర్ కిందటి వానాకాలంలో ఆ కుండీలో పాతారు. వేసవి రాగానే అది ఆకు రాల్చుకుని మట్టిలో నిద్రపోయింది.

మునిలక్ష్మి మొలకనూ, దాని పక్కన తన సంతకంతో ఉన్న 'మొక్క లేదు'నూ మార్చి మార్చి చూసింది. తరువాత లోపలికి వెళ్ళి వ్యాసం తీసి, అయిదు కొండల వాక్యం కొట్టేసింది. కొంత ఆలోచించి, ఏడు అన్న అంకె కూడా కొట్టేసింది.

"వానలు పడినాక పోతాను, ఫాదర్," అంది.

"కొత్త చెప్పులు కొనుక్కో," అన్నారు ఆయన.

జులైలో గవ్వలబోడు పచ్చబడింది. ఫాదర్ మోకాళ్ళు కొండ ఎక్కనివ్వవు. ఆయన అడుగున ఒక బండ మీద గొడుగు వేసుకుని కూర్చున్నారు. ఒళ్ళో చీపురుపుల్లల కట్టలు, కట్టకు యాభై చొప్పున. కనిపించిన ప్రతి మొక్క పక్కనా ఒక పుల్ల గుచ్చాలి. ఒకే మొక్కను రెండుసార్లు లెక్కపెట్టకుండా ఉండడానికి అంతకంటె చవకైన పద్ధతి లేదు.

మధ్యాహ్నానికి మునిలక్ష్మి కిందికి వచ్చి ఇంకో కట్ట అడిగింది. మళ్ళీ వచ్చి మూడోది అడిగింది. అప్పటికి ఆమె మొహం కందిపోయి ఉంది.

"ఎండకేనా?"

"నూరు దాటినాయి, ఫాదర్. ఏడని పేపర్లో వేయించుకుంటిని. ఇప్పుడు నూరంటే జనం నవ్వరా? నూరున్న మొక్క కోసం కొండ ఎవరు ఆపుతారు?" ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఫాదర్ గొడుగు కొంచెం పక్కకు జరిపి ఆమె మీదకు నీడ పట్టారు.

"నలభై ఏళ్ళ నుంచి బోటనీ చెబుతున్నా. మొక్క బతికుందని ఏడ్చే మనిషిని ఇవాళే చూస్తున్నా."

ఆమె ఏడుపు మధ్యలోనే నవ్వింది. ఆయన మూడో కట్ట చేతిలో పెట్టారు.

"ఎన్ని ఉన్నాయో కొండను చెప్పనీ అమ్మా. ఎంత ప్రమాదమో ఆ తరువాత మనం చెబుదాం."

గవ్వలబోడు మీద రెండు వందల పద్నాలుగు పుల్లలు నిలిచాయి. తరువాత ఆమె తూర్పు వైపున్న ఆ అయిదు కొండలూ, ఈసారి పచ్చగా ఉన్నప్పుడు, అదే శ్రద్ధతో వెతికింది. అక్కడికి తీసుకెళ్ళిన కట్టలు విప్పకుండానే తిరిగి వచ్చాయి.

ఆగస్టు నెలలో మండల కేంద్రంలోని బడి ఆవరణలో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. ఒక జిల్లా అధికారి అధ్యక్షత వహించారు. క్వారీ తరపున వచ్చిన నిపుణుడు వసంతరావు పేరున్న ఆచార్యుడే, మాటకారి కూడా. ఆయన ముందు తువ్వాలు కప్పిన ప్లాస్టిక్ ట్రే ఒకటి ఉంది. మునిలక్ష్మి చేతిలో ఉన్నవి టైపు చేసిన నాలుగు కాగితాలు మాత్రమే. ఫాదర్ చివరి బెంచీ మీద కూర్చున్నారు.

వసంతరావు పాత దినపత్రిక విప్పి పట్టుకున్నారు. "ప్రపంచంలో ఏడే మొక్కలని అమ్మగారు సెలవిచ్చారు." తువ్వాలు తీశారు. దుంపలతో సహా పెకలించిన మొక్కలు వరసగా ఉన్నాయి. "మా కుర్రాళ్ళు నిన్న ఒక్క పూటలో పదకొండు తెచ్చారు. అంటే అమ్మగారి ప్రపంచం కాస్త చిన్నదన్నమాట. ఇంకో రెండు రోజులు ఆగితే సంతలో కుప్పలు పోసి అమ్ముతాం."

సభ గొల్లుమంది. మునిలక్ష్మి లేచి ట్రే దగ్గరకు వెళ్ళి ఒక్కో మొక్కనూ పరీక్షగా చూసింది.

"ఇవి ఆ మొక్కలే సార్, కాదనను. ఎక్కడ తవ్వినారు?"

"గవ్వలబోడు మీదే. ఇంకెక్కడ?"

"పక్క కొండల మీద చూడలేదా?"

"చూడకుండా వస్తామా? పడమటి వైపు నాలుగు కొండలు గాలించాం." వసంతరావు అక్కడితో ఆగారు. ఆగడంలో కొంచెం ఆలస్యమైంది.

"అక్కడ దొరకలేదు కదా సార్. నేను తూర్పు వైపు అయిదు చూసినాను, మీరు పడమట నాలుగు చూసిపెట్టినారు. మీ పేరుతోనే వ్యాసంలో చేరుస్తాను." సభ వైపు తిరిగింది. "పేపర్లో ఏడని చెప్పింది నేనే. అది తప్పు. వానలు వెనకబట్టినాక చూసి చెప్పినాను. అప్పటికి మిగతావి నేలలోకి పోయినాయి. జులైలో సరిగ్గా లెక్కపెట్టినాను."

అధికారి కలం ఆపారు. "ఏడే ఉన్నాయంటే ఆపమనడం అర్థమవుతుందమ్మా. వందల్లో ఉంటే ఎందుకు ఆపాలి?"

"ఏడైనా వందలైనా అన్నీ ఒక్క కొండ మీదే ఉన్నాయి సార్. తొమ్మిది కొండలు వెతికి చెప్తున్నాం ఈ మాట, రెండు పక్షాల వాళ్ళమూ. ఆ ఒక్క కొండా పగిలితే ఇంకెక్కడ వెతకాల?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. అధికారి కాగితం ముందుకు లాక్కున్నారు.

"మొత్తం ఎన్నో సరిగ్గా చెప్పు. రాసుకోవాలి."

మునిలక్ష్మి ట్రే వైపు ఒకసారి చూసింది.

"మొన్నటికి రెండు వందల పద్నాలుగు సార్. ఇవాళ రెండు వందల మూడు."

బడి రేకులు అదిరేటట్టు చప్పట్లు మోగాయి. వెనక నుంచి ఎవరో, "పెరికినోళ్ళనే మళ్లా నాటమనండి సార్!" అని కేకవేశారు. అధికారి నవ్వు దాచుకుంటూ తల వంచి రాసుకున్నారు. వసంతరావు, అది ఆయన గొప్పతనమే, లేచి వచ్చి ఆమెకు నమస్కారం పెట్టారు.

జనం చుట్టూ మూగారు. మునిలక్ష్మి వాళ్ళను తప్పించుకుని చివరి బెంచీ దగ్గరకు వచ్చింది. ఆమె మొహం వెలిగిపోతోంది.

"ఇవాళైనా ఒక మంచి మాట చెప్పకూడదా, ఫాదర్?"

ఫాదర్ ట్రే వైపు చూపించారు. పదకొండు మొక్కల ఆకులూ వాడి వేలాడుతున్నాయి. దుంపలు మాత్రం గట్టిగా, నున్నగా ఉన్నాయి.

"వాటిని లెక్కలోంచి తీసేశావేమ్మా?"

ఆమె ఆ దుంపల వైపు చూసింది. వెంటనే తువ్వాలు తడపడానికి బడి బోరింగు వైపు పరుగెత్తింది.

వ్యాసం మరుసటి ఏడాది అచ్చయింది. అందులో ప్రమాదస్థాయి మారలేదు, కారణం మారింది. క్వారీ దరఖాస్తును తోసిపుచ్చుతూ ఉత్తర్వు వెలువడినది 2004 అక్టోబరు 29న. గవ్వలబోడు మీద ఉన్న మొక్కల సంఖ్యను అందులో ఇలా నమోదు చేశారు: తిరిగి నాటగా చిగిర్చిన పదకొండుతో కలిపి, రెండు వందల పద్నాలుగు.